వాగ్దాన కార్డు: డిసెంబరు 31 రాత్రి చేతికొచ్చే వచనం మీద ఏడాది ప్రణాళిక నిలుస్తుందా?

విజిటింగ్ కార్డంత అట్టముక్క. ఒకవైపు కొండలో, గోధుమ కంకులో, పొద్దుపొడుపో ఉంటుంది. రెండోవైపు బైబిలు వచనం ఒకటి, దాని కింద చిన్న అక్షరాల్లో గ్రంథం పేరు, అధ్యాయం, వచనం సంఖ్య. తెలుగు సంఘాల్లో దీని పేరు వాగ్దాన కార్డు. డిసెంబరు రాగానే క్రైస్తవ పుస్తకాల షాపుల్లో కట్టలుగా దొరుకుతుంది. సంఘం పేరు, అయ్యగారి (పాస్టరు) ఫొటో పెట్టి ప్రెస్సులో సొంతంగా అచ్చు వేయించుకునేవాళ్ళూ ఉన్నారు. ఇదే సరుకు వేరే రూపాల్లోనూ వస్తుంది: రోజుకొకటి తీసుకునేలా చిన్న డబ్బాలో పేర్చిన కార్డులు, గోడ కాలెండరు మీద పెద్దక్షరాల్లో 'ఈ సంవత్సరపు వాగ్దానం', ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం, ఒకటో తారీఖు తెల్లారేసరికి వాట్సాప్‌లో వచ్చే బొమ్మ. ఈ సమీక్ష ముఖ్యంగా చేతితో తీసుకునే కార్డు గురించి. కొనే సంఘ పెద్దలకూ, దాన్ని ఇంటికి తీసుకెళ్ళి చదువు, ఉద్యోగం, పెళ్ళి, ఇల్లు గురించి ప్రార్థించే విశ్వాసికీ పనికిరావాలని రాస్తున్నది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. కార్డు మంచి వస్తువే. అది బైబిలు తెరిపిస్తే పెట్టిన డబ్బుకు ఎన్నో రెట్లు విలువ చేస్తుంది. బైబిలు తెరిచే అవసరం లేకుండా చేసి, మనం ముందే వేసుకున్న ప్రణాళిక కింద దేవుని సంతకంలా కూర్చుంటే మాత్రం నష్టం చేస్తుంది. దొరికే కట్టల్లో చాలావరకు ఈ రెండో వాడకానికే వీలుగా తయారవుతున్నాయన్నది మా బాధ.

వాడకం ఎలా ఉంటుందో తెలిసిందే. 31 రాత్రి ఆరాధన పది గంటల ప్రాంతంలో మొదలవుతుంది. పాటలు, సాక్ష్యాలు, గడిచిన ఏడాదికి కృతజ్ఞత, వాక్యం. పన్నెండుకు పావుగంట ఉందనగా మోకాళ్ళ ప్రార్థన. పన్నెండు కొట్టాక శుభాకాంక్షలు, చాలాచోట్ల ప్రభు బల్ల (ప్రభురాత్రి భోజనం), ఆ తర్వాత పళ్ళెంలో బోర్లించిన కార్డులు. ఒక్కొక్కరూ వరుసలో వచ్చి ఒకటి తీసుకుంటారు. గుమ్మం దాటకముందే "అక్కా, నీకేం వచ్చింది?" అని అడుగుతారు. ఈ 'వచ్చింది' అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. ఎవరో ఏరి అచ్చు వేసిన వచనాల్లో ఒకటి చేతికి తగలడాన్ని పైనుండి తనకోసమే దిగినట్టు తీసుకుంటాం. "చీట్లు ఒడిలో వేయబడును వాటివలని తీర్పు యెహోవా వశము" అని సామెతలు 16:33 చెబుతోంది గనుక, ఆయనకు తెలియకుండా ఏ కార్డూ చేతికి రాదని నమ్మడం సరైనదే. కానీ కార్డు ఆయన వశంలో ఉంటే దాని అర్థమూ ఆయన వశంలోనే ఉంటుంది. ఆ వచనం ఎవరితో, ఎప్పుడు, ఏ షరతుతో పలికాడో అదే దాని అర్థం. మన మనసులో ఆ రాత్రి ఏ కోరిక మెదులుతుంటే అది దాని అర్థం అయిపోదు.

మంచి సంగతులు కొన్ని ఉన్నాయి, వాటిని తక్కువ చేయకూడదు. చదువు రాని అవ్వ మనవడి చేత కార్డు చదివించుకుని ఏడాదంతా ఆ ఒక్క వచనాన్నీ నోట పలుకుతూ ఉంటుంది. ఆసుపత్రి మంచం మీద తలగడ కింద పెట్టుకోవడానికి అది సరిపోయే సైజు. కుటుంబ ప్రార్థన ఆగిపోయిన ఇళ్ళలో ఒకటో తారీఖున నలుగురూ నాలుగు కార్డులు పెట్టుకుని కూర్చుంటే ప్రార్థన మళ్ళీ మొదలవుతుంది. ఒక వచనం కంఠతా రావడానికి ఇంతకన్నా తేలికైన మార్గం మాకు తెలియదు.

ఇక లోపాలు. కట్టల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది యిర్మీయా 29:11: "రాబోవు కాలమందు మీకు నిరీక్షణ కలుగునట్లుగా అవి సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు." వీసా ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళ పర్సులో ఉండే వచనం ఇదే. దీనికి ముందున్న పదో వచనం మాత్రం ఏ కార్డు మీదా కనబడదు. బబులోనుకు డెబ్బది సంవత్సరాలు గడిచిన తరువాతే నేను మిమ్మల్ని దర్శించి తిరిగి రప్పిస్తానని అందులో ఉంది. ఈ మాటలు యిర్మీయా రాసిన ఉత్తరంలోవి, అది చెరపట్టబడి పరాయి దేశంలో ఉన్నవాళ్ళకు వెళ్ళింది. చదివినప్పుడు నలభై ఏళ్ళున్న మనిషి ఆ తిరుగు ప్రయాణాన్ని కళ్ళతో చూసే అవకాశమే లేదు. అంతకుముందు అధ్యాయంలో హనన్యా అనే ప్రవక్త రెండేళ్ళలో అంతా సర్దుకుంటుందని ప్రకటించాడు. అది ఐదో నెల. అదే సంవత్సరం ఏడో నెలలో అతడు చనిపోయాడు. జనం వినాలనుకున్న వాగ్దానం హనన్యాది, దేవుడు పంపిన వాగ్దానం యిర్మీయాది. పదకొండో వచనాన్ని ఒంటరిగా అచ్చు వేసి, 'ఈ ఏడాదిలోనే' అన్న అర్థం తగిలించి ఇస్తే యిర్మీయా పేరు మీద హనన్యా సందేశాన్నే పంచినట్టవుతుంది. ఐదు నుండి ఏడు వచనాల్లో చెర ప్రజలకు ఇచ్చిన పని పట్టికను చూడండి: ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లల పెళ్ళిళ్ళు చేయండి, మీరున్న ఊరి క్షేమం కోసం ప్రార్థించండి. దేవుని చిత్తానికి భవిష్యత్తును అప్పగించినవాళ్ళు ఏం చేస్తూ కాలం గడపాలో ఇంతకన్నా స్పష్టంగా చెప్పిన చోటు అరుదు.

రెండోది యోబు 8:7. "నీ స్థితి మొదట కొద్దిగా నుండినను తుదను నీవు మహాభివృద్ధి పొందుదువు." కొత్త షాపు ప్రారంభోత్సవ ఆహ్వానం మీద, ఆటో వెనక, కాలెండరు మీద ఎక్కడ చూసినా ఇదే. ఈ మాట పలికింది దేవుడు కాదు, యోబు స్నేహితుడు బిల్దదు. అదే ప్రసంగం నాలుగో వచనంలో అతడు పిల్లల్ని పోగొట్టుకున్న తండ్రితో, నీ పిల్లలు పాపం చేసివుంటారు, అందుకే అలా జరిగింది అనే ధోరణిలో మాట్లాడాడు. చివరికి 42:7లో దేవుడు ఎలీఫజుతో, నీ మీదా నీ ఇద్దరు స్నేహితుల మీదా నాకు కోపం వచ్చింది, మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదు అన్నాడు. యోబు స్థితి తర్వాత నిజంగానే రెట్టింపైంది కాబట్టి మాట నిజమైందిగా అని కొందరంటారు. అది దేవుని కృప వల్ల అయింది. నీతిగా ఉంటే చాలు, వ్యాపారం పెరుగుతుందన్న బిల్దదు లెక్క ప్రకారం కాలేదు. ఈ వచనం ఉన్న కట్టను మేమైతే కొనం.

ఫిలిప్పీ 4:13 పరీక్షల కార్డు అయిపోయింది: "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను." పన్నెండో వచనం చదివితే 'సమస్తము' అంటే ఏమిటో తెలుస్తుంది: కడుపు నిండినా, ఆకలితో ఉన్నా, కలిగినా, లేకపోయినా ఉండగలగడం. ర్యాంకు రాని విద్యార్థికి ఇది ఇంకా బలమైన వచనం. కానీ ర్యాంకు వస్తుందని చెప్పి చేతిలో పెట్టాం గనుక, ఫలితాల రోజున అతని చేతిలో వట్టి అట్టముక్క మిగులుతుంది. ద్వితీయోపదేశకాండం 28లోని "తలగా నియమించునుగాని తోకగా నియమింపడు" అన్న మాటకైతే ఆ అధ్యాయం మొదట్లోనే, ఆజ్ఞలన్నీ పాటిస్తేనే అన్న పెద్ద షరతు ఉంది. దాన్ని కత్తిరించకుండా అచ్చు వేసిన కార్డు దొరకడమే కష్టం.

ఉన్న వచనాల కన్నా లేని వచనాలే ఎక్కువ చెబుతాయి. "రేపేమి సంభవించునో మీకు తెలియదు. మీ జీవమేపాటిది?" అన్న యాకోబు 4:14 ఏ కట్టలోనూ కనబడదు. కొత్త సంవత్సరపు రాత్రికి బైబిల్లో ఇంతకన్నా తగిన వచనం ఉందా?

ఇలా వచనాన్ని చీటీగా తీసే అలవాటు వెనక పాత చరిత్ర ఉంది. జర్మనీలోని హెర్న్‌హూట్ అనే చిన్న ఊళ్ళో, జింజెండార్ఫ్ అనే ప్రభువంశీయుడి జమీనులో తలదాచుకున్న మొరేవియన్ విశ్వాసులకు 1728 మే 3న మరుసటి రోజు కోసం ఒక దినవాక్యం ఇచ్చారు. 1731 నుండి అది ఏటేటా పుస్తకంగా అచ్చవుతూ ఇప్పటికీ నడుస్తోంది. దాని తయారీ పద్ధతి మన ప్రెస్సులవాళ్ళు తప్పక తెలుసుకోవాలి. పాత నిబంధన నుండి ఏరిన సుమారు 1,800 వచనాల్లోంచి రోజుకొకటి చొప్పున చీటీ తీస్తారు. అక్కడితో వదిలేయరు. ఆ వచనానికి తోడుగా కొత్త నిబంధన నుండి మరో వచనాన్ని మనుషులు కూర్చుని, ఆలోచించి ఎంచుతారు. దాని కింద ఒక పాట చరణమో ప్రార్థనో చేరుస్తారు. చీటీలో వచ్చినదాన్ని క్రీస్తు వెలుగులో చదవడానికి రెండోది, దేవునికి జవాబివ్వడానికి మూడోది. మన కార్డు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయింది.

ఆ మొరేవియన్లతో స్నేహం చేసిన, మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ జీవితంలో ఈ చీటీ కథకు రెండు ఘట్టాలున్నాయి. 1737 మార్చి 4న అమెరికాలోని సవన్నాలో, సోఫియా హాప్కీ అనే యువతిని పెళ్ళి చేసుకోవాలా వద్దా అని మూడు చీటీలు రాశారు: 'పెళ్ళి చేసుకో', 'ఈ ఏడాది ఆ ఆలోచన వద్దు', 'ఇక ఆ ఆలోచనే వద్దు'. మూడోది వచ్చింది. అంతటితో మనసు కుదుటపడాలి కదా? ఎనిమిది రోజులకు ఆమె వేరొకరిని పెళ్ళాడింది. ఆగస్టులో వెస్లీ ఆమెకు ప్రభురాత్రి భోజనం నిరాకరించాడు. అది కేసుల దాకా వెళ్ళి, డిసెంబరులో అతడు ఆ కాలనీ వదిలి వెళ్ళిపోవలసి వచ్చింది. చీటీ నిర్ణయం చెప్పగలిగింది. మనసును అప్పగించే పని మాత్రం చీటీ చేయలేదు, ఎవరి విషయంలోనూ చేయదు. రెండో ఘట్టం 1755 ఆగస్టు 11. లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్‌లో అదే వెస్లీ నిబంధన ఆరాధన జరిపాడు. సుమారు 1,800 మంది లేచి నిలబడి, ప్రభువా, ఇకపై నీ చిత్తమే అని ఒప్పుకున్నారు. చీటీలో దేవుడు నాకేం చెబుతాడా అని చూసిన మనిషి, పద్దెనిమిదేళ్ళకు, దేవుడు ఏం చెప్పినా సరేనని నిలబడే ఆరాధనకు వచ్చాడు. ఈ ఆరాధన గురించి కింద మళ్ళీ చెబుతాం. కార్డు పక్కన పెట్టి పోల్చదగ్గది అదొక్కటే.

ఈలోగా యాకోబు దగ్గరికి. నాలుగో అధ్యాయం 13వ వచనంలో వ్యాపారి వేసిన ప్రణాళికలో లోటు ఏమీ లేదు. ఎప్పుడు: నేడైనా రేపైనా. ఎక్కడికి: ఒకానొక పట్టణానికి. ఎంతకాలం: ఒక సంవత్సరం. ఎందుకు: వ్యాపారం చేసి లాభం సంపాదించడానికి. యాకోబు దీన్ని చింపేయమనలేదు. పదిహేనో వచనంలో అతడిచ్చిన దిద్దుబాటు వాక్యం: "ప్రభువు చిత్తమైతే మనము బ్రదికియుండి ఇది అది చేతము." 'ఇది అది చేతము' అలాగే ఉంది, ప్రణాళిక పోలేదు. దాని ముందు 'చిత్తమైతే', 'బ్రదికియుండి' అన్న రెండు మాటలు వచ్చాయి. లాభం సంగతి తర్వాత, ఊపిరి కూడా ఆయన చిత్తం మీదే ఉందని రెండో మాట గుర్తు చేస్తుంది. పాత మిషను ఉత్తరాల్లో తేదీ పక్కన 'డి.వి.' అని రాసేవారు. 'దేవుని చిత్తమైతే' అనే లాటిన్ మాటకు అది పొడి అక్షరాలు. మన సువార్త సభల పోస్టర్ల మీద ఆ మాట ఇప్పటికీ ఉంటుంది. మాట మిగిలింది, మంచిదే. దాని బరువు మనసులో మిగిలిందా అన్నదే ప్రశ్న.

ప్రణాళిక వేయడం అవిశ్వాసం అనుకునేవాళ్ళు పౌలును చూడాలి. 1 కొరింథీయులు 16:5-9లో అతడు మాసిదోనియ మీదుగా రావడం, కొరింథులో చలికాలం గడపడం, పెంతెకొస్తు దాకా ఎఫెసులో ఉండటం అన్నీ లెక్కవేసి రాశాడు. మధ్యలో "ప్రభువు సెలవైతే" అని పెట్టాడు. రోమా 15లో యెరూషలేము, ఆ తర్వాత రోమా, అటునుండి స్పెయిను అని దారి గీసుకున్నాడు. జరిగింది వేరు: యెరూషలేములో అరెస్టు, కైసరయలో రెండేళ్ళు ఖైదు, సముద్రంలో ఓడ పగిలిపోవడం, చివరికి ఖైదీగా రోమా. రోమా చేరాలన్న ప్రార్థనకు జవాబు వచ్చింది, అతడు గీసుకున్న దారిలో మాత్రం రాలేదు. ఇంకో విషయం. "దేవుని వాగ్దానములు ఎన్ని యైనను అన్నియు క్రీస్తునందు అవునన్నట్టుగానే యున్నవి" అన్న మాట (2 కొరింథీయులు 1:20) కార్డుల మీద బాగా కనిపిస్తుంది. పౌలు ప్రయాణ ప్రణాళిక మారిపోయి, మాట మీద నిలబడడు అని నింద పడ్డప్పుడు రాసిన పేరాలోది అది. నా ప్రయాణం మారింది, దేవుని వాగ్దానం మారలేదు అంటున్నాడు. ఈ రెండింటినీ ఒకటిగా కలిపేయడమే కార్డు విషయంలో మనం చేసే పెద్ద పొరపాటు.

కార్డు ఇంటికొచ్చాక ఏం చేయాలో చెబుతాం. ఆ రాత్రి నిద్రమత్తులో ఏమీ తేల్చకండి, బైబిల్లో ఆ అధ్యాయం దగ్గర కార్డు పెట్టి పడుకోండి. మర్నాడు అధ్యాయమంతా చదవండి, వీలైతే ముందు వెనక అధ్యాయాలు కూడా. కార్డు వెనక నాలుగు ముక్కలు రాయండి: ఎవరు పలికారు, ఎవరితో, ఏ షరతుతో, ఎంత కాలానికి. బిల్దదులాంటి పొరపాటు మొదటి ప్రశ్న దగ్గరే దొరికిపోతుంది. తర్వాత హెర్న్‌హూట్ పద్ధతిలో, పాత నిబంధన వచనం వస్తే దానికి తోడుగా సువార్తల నుండో, పత్రికల (అపొస్తలుల ఉత్తరాల) నుండో ఒక వచనం మీరే వెతికి కింద రాయండి. దీనికి ఒక పూట పడుతుంది. ఏడాది పొడుగునా పనికొచ్చే పూట అది.

ప్రణాళిక రాసే కాగితం వేరుగా ఉండాలి. ఒక ఏ4 కాగితం, పెన్సిలు. ఏం చేయాలనుకుంటున్నాం, ఎప్పటిలోగా, ఎంత ఖర్చు, ఎవరి మీద ప్రభావం పడుతుంది, ఇది కాకపోతే ఏమిటి. ఈ ఐదు గళ్ళలో చివరిది చాలామంది ఖాళీగా వదిలేస్తారు, రాయడం అవిశ్వాసం అని భయం. నిజానికి అప్పగింపు పరీక్ష జరిగేది ఆ గడిలోనే. అక్కడ ఏమీ రాయలేకపోతున్నారంటే ఆ కోరిక ఇంకా మీ గుప్పిట్లోనే ఉందన్నమాట. గెత్సేమనేలో ప్రభువు మొదట తన కోరికను దాచకుండా అడిగాడు, ఆ తర్వాత "అయినను" అని తండ్రి చిత్తానికే వదిలాడు. మత్తయి లెక్క ప్రకారం మూడుసార్లు అదే ప్రార్థన చేశాడు. కాబట్టి ఒక్కసారి 'నీ చిత్తం ప్రభువా' అనేసి లేచిపోతే అప్పగింపు పూర్తయిందనుకోకూడదు. అడగకుండా ఊరుకోవడమూ అప్పగింపు అనిపించుకోదు. మార్చి, జూన్, సెప్టెంబరు నెలాఖర్లలో కాగితం తీసి, మారినవి చెరిపి రాసి, మళ్ళీ ప్రార్థించండి.

కాగితం మీద పెట్టకముందే తీసేయవలసినవి కొన్ని ఉంటాయి. దేవుడు ముందే చెప్పేసిన విషయాల మీద చిత్తం అడగడం కాలయాపన. పరిశుద్ధులుగా ఉండటం (1 థెస్సలొనీకయులు 4:3), ప్రతి విషయంలో కృతజ్ఞత (5:18) ఆయన చిత్తమని రాసే ఉంది. పెళ్ళి సంబంధం విషయంలో మూడు రోజుల ఉపవాసముండి దేవుని చిత్తం కోసం కనిపెట్టి, నాలుగో రోజు కట్నం మాట్లాడుకునే కుటుంబాలు మన సంఘాల్లో ఉన్నాయి. కట్నం అడగడం 1961 చట్టం ప్రకారం నేరం, పేదవాడి మెడ మీద కాడి పెట్టడం వాక్యం ప్రకారం పాపం. దానికి కార్డు తీయనక్కర్లేదు. సంబంధం దేవుని చిత్తమా అని అడిగే ముందు ఆ మాటను బల్ల మీంచి తీసేయాలి, పెళ్ళికొడుకు తరఫువాళ్ళే తీసేయాలి.

ఇల్లు, స్థలం విషయంలో ఇంకో రకం తప్పు జరుగుతుంది. దేశాన్ని స్వతంత్రించుకుంటావన్న వచనం వచ్చిందని ఈసీ (ఆ ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) తీయించకుండా, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించకుండా అడ్వాన్సు ఇచ్చేస్తారు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని లూకా 14:28లో చెప్పింది ప్రభువే. నెల జీతంలో వాయిదా పోగా ఇంట్లో ఎంత మిగులుతుందో లెక్క వేయడం విశ్వాసంలో భాగమే. విదేశీ చదువుకూ ఇదే వర్తిస్తుంది. అప్పు మంజూరు, కోర్సు గుణం, ఇంటి దగ్గర అమ్మానాన్నలను ఎవరు చూసుకుంటారన్నది, ఇవన్నీ ప్రార్థన పక్కన ఉండవలసిన కాగితాలు. సంఘంలో ఇద్దరు పెద్దలతో మాట్లాడండి, మీరంటే మొహమాటం లేనివాళ్ళతో అయితే మరీ మంచిది.

తలుపు తెరుచుకుంది కాబట్టి చిత్తమే, మూసుకుంది కాబట్టి చిత్తం కాదు అనే కొలత గురించి ఒక మాట. పౌలుకు త్రోయలో తలుపు తెరుచుకుంది, అయినా తోటి పనివాడు తీతు కనబడక మనసుకు నెమ్మది లేదని బయల్దేరిపోయాడు (2 కొరింథీయులు 2:12-13). ఎఫెసులో తలుపు తెరుచుకుంది, ఎదిరించేవాళ్ళూ చాలామంది ఉన్నారు, అయినా ఉండిపోయాడు. తలుపు ఒక సాక్షి మాత్రమే. వాక్యం, పరిశుద్ధాత్మ నడిపింపు, సంఘం సలహా, బాధ్యతలు, అన్నీ కలిపి చూడాలి. నేల పొడిగా ఉండి గొర్రె బొచ్చు మాత్రమే మంచుకు తడవాలని గిద్యోను దేవుణ్ణి గుర్తు అడిగిన సంగతిని కూడా ఇక్కడ తెస్తుంటారు. దేవుడు అప్పటికే స్పష్టంగా మాట్లాడాక, నమ్మలేక అతడు పెట్టిన పరీక్ష అది. దేవుడు ఓర్చుకున్నాడు. మనకు అదొక పద్ధతిగా నేర్పలేదు. కార్డు నచ్చలేదని పళ్ళెంలో పెట్టి రెండోసారి తీయడం కూడా ఇలాంటిదే. వరుసలో నిలబడ్డ పిల్లలు అది చూసి నేర్చుకుంటారు. రాహుకాలం చూడం, రాశిఫలం చదవం అని చెప్పుకునే ఇళ్ళలో కార్డును రాశిఫలంలా వాడితే పిల్లలకు తేడా తెలియకుండా పోతుంది.

ఇక నిబంధన ఆరాధన. మెథడిస్టు సంఘాల్లో సంవత్సరం మొదట్లో జరుగుతుంది. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో వెస్లీ సంప్రదాయపు మిషన్లు కూడా కలిశాయి కాబట్టి, ఆ సంఘ ఆరాధన క్రమంలోనూ ఇది ఉంది. ఇందులో కార్డు చేతికి రాదు. బదులుగా సంఘమంతా ఒక ప్రార్థన చెబుతుంది. దాని సారం: నేనిక నా సొంతం కాదు, నీ సొంతం. నీకిష్టమైన పనిలో పెట్టు, నీకిష్టమైనవారి పక్కన నిలబెట్టు. నీకోసం పనిలో ఉంచినా సరే, పక్కన పెట్టినా సరే. నిండుగా ఉన్నా సరే, ఖాళీగా ఉన్నా సరే. 'పక్కన పెట్టినా సరే' అన్న ముక్క దగ్గర గొంతు ఆగుతుంది, ఆగాలి కూడా. ఉద్యోగం పోయినవాడు, రిటైరైన అయ్యగారు, మంచం పట్టిన తల్లి, అందరి భవిష్యత్తూ ఆ ఒక్క మాటలో ఉంది. ఏ కార్డూ ఈ లోతుకు తీసుకెళ్ళదు. లోపమల్లా జరిపే తీరులో ఉంది. గ్రాంథిక భాషలో గబగబా చదివేస్తే ఏం ఒప్పుకున్నామో ఎవరికీ తెలియదు. వెస్లీ దీనికి ముందు ఒంటరిగా, ఒకటికి రెండుసార్లు సమయం తీసుకుని సిద్ధపడమని చెప్పేవాడు. కాబట్టి ప్రార్థన పాఠాన్ని వారం ముందే తేలిక తెలుగులో రాసి పంచండి, ఒప్పుకోలేనివాళ్ళు మౌనంగా కూర్చోవచ్చని ముందే చెప్పండి. స్వతంత్ర సంఘాలు, బాప్టిస్టు, పెంతెకొస్తు సంఘాలు కూడా 31 రాత్రి కార్డుల పళ్ళెం తీసే ముందు పది నిమిషాలు ఇది పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు. ముందు మన ఒప్పుకోలు, తర్వాత వాగ్దానం. ఈ వరుసలో తీసుకున్న కార్డు వేరేగా చదవబడుతుంది.

అచ్చు వేయించే సంఘాలకు మా సూచనలు. మూడు వందల మంది వచ్చే చోట 330 కార్డులు వేయించండి, కొత్తవాళ్ళు వస్తారు. 330 వేర్వేరు వచనాలు అక్కర్లేదు. అరవై చాలు, ఒక్కోటి ఐదారు ప్రతులు. అరవైలో ముప్పై వాగ్దానాలు, పదిహేను ఆజ్ఞలు, పది శ్రమల్లో ఆదరణ, ఐదు జీవితం ఎంత చిన్నదో గుర్తు చేసేవి ఉండాలి. యాకోబు 4:15 తప్పకుండా. కొత్త సంవత్సరం నాడు అలాంటి వచనాలు ఇస్తే జనం చిన్నబుచ్చుకుంటారని పెద్దలు అంటారు. ముందు ఆదివారం ప్రసంగంలో అయ్యగారు దీని గురించి వివరిస్తే చిన్నబుచ్చుకోరు. ప్రతి కార్డు మీద రెఫరెన్సు కింద 'అధ్యాయమంతా చదవండి' అని ఒక్క ముక్క వేయించండి.

అక్షరం 14 పాయింట్లకు తగ్గకూడదు. అంతకన్నా చిన్నదైతే వత్తులు కలిసిపోయి పెద్దవాళ్ళు చదవలేరు. మెరిసే లామినేషను మీద పెన్ను నిలవదు, ట్యూబులైటు కింద అక్షరం కనబడదు. 300 జీఎస్ఎం అట్ట తీసుకుని, బొమ్మ వైపు మాత్రమే లామినేషను చేయించి, వెనక సగం రాసుకోవడానికి ఖాళీ వదలండి. పాత 'అను' (తెలుగు డీటీపీ) ఫాంట్లలో ఉన్న వచనాలను యూనికోడ్‌లోకి మార్చినప్పుడు వత్తులు, సంయుక్తాక్షరాలు తారుమారవుతుంటాయి. అందుకే అచ్చుకు వెళ్ళేముందు ప్రూఫు కాగితం మీద తీయించి, ఒకరు బైబిలు పట్టుకుని, ఇంకొకరు కార్డు చదువుతూ అరవై వచనాలూ సరిచూడాలి. అధ్యాయం అంకె ఒకటి మారినా ఇంటికెళ్ళి బైబిలు తెరిచినవాళ్ళకు వేరే వచనం కనిపిస్తుంది, ఆ వారంతో వెతకడం మానేస్తారు. డిసెంబరు రెండో వారం దాటాక ప్రెస్సులన్నీ కాలెండర్ల పనిలో మునిగిపోతాయి, ప్రూఫు సరిగా చూపించే తీరిక వాళ్ళకుండదు. నవంబరులోనే ఇవ్వండి.

పాత కార్డులు పారేయకండి. ఏడాది చివర దాని వెనక, ప్రణాళిక కాగితంలో ఏది జరిగిందో ఏది మారిందో రెండు వరుసల్లో తేదీతో రాసి, బైబిల్లో ఆ అధ్యాయం దగ్గరే ఉంచేయండి. ఐదారేళ్ళ కార్డులు అలా చేరాక కుటుంబ ప్రార్థనలో పిల్లల చేత వరుసగా చదివించండి.